మార్కాపురము, గిద్దలూరు సీమలలో మేతబీళ్ళు, మందలు, పందులు

గ్రామలెక్కలలో భూమి రెండు విధములు. పేరుగల భూమి యొకటి, పేరులేని భూమి యొకటి. మొదటిదానికి పట్టాదారుడు గలడు, శిస్తు గలదు, సరిహద్దురాళ్ళు గలవు. రెండవదానిని బీడనియు, గయాళనియు, బంజరనియు, పోరంబోకనియు పలుపేర్లతో లెక్కలకెక్కించుచు వచ్చిరి. పంట పండు భూమికి చరిత్ర వ్రాసినవారు పెక్కుమంది గలరు. పంట పండని భూమి చరిత్రను తలచినవారు అరుదు. కాని ఉదయమున పలుపు విప్పిన పశువు పోవునది ఆ పేరులేని భూమివైపునకే. ఆవు, బఱ్ఱె, గొఱ్ఱె, మేక, పంది అను ఈ యైదింటి కడుపు నింపినది ఆ భూమియే. అది తరుగుచు వచ్చిన కొలది ఏ జీవము ఎట్లు నష్టపోయినది, ఏ కుటుంబము ఎట్లు దారితప్పినది అను విషయము ఇక్కడ సంగ్రహముగా చెప్పబడుచున్నది.

సీమ స్వరూపము

పడమట నల్లమల, తూర్పున వెలికొండ, ఈ రెండింటి నడుమ కంభము లోయ. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ కంభము మీదుగా మార్కాపురము దిక్కునకు సాగి తుదకు తూర్పు సముద్రమును చేరుచున్నది. సగిలేరు గిద్దలూరు ప్రాంతమునుండి దక్షిణముగా పోయి పెన్నలో కలియుచున్నది. నదులు రెండున్నను, అవి ఏడాది పొడుగున పారునవి కావు. వాన తక్కువ, రాతినేల యెక్కువ. ఇట్టి సీమలో కేవలము నాగలిని నమ్మి బ్రదుకుట కష్టము. నాగలితోపాటు మందను గూడ నమ్మినవాడే కరువు గట్టెక్కగలిగెను.

మార్కాపురమునకు ఆ పేరు వచ్చిన విధమును గూర్చి యొక జనశ్రుతి గలదు. చెన్నకేశవస్వామికి భక్తితో పాలు సమర్పించిన మారిక యను గొల్లవనిత పేరున ఇది మారికాపురమైనదని పెద్దలు చెప్పుదురు. జనశ్రుతి చరిత్ర కాకపోవచ్చును. అయినను పట్టణమునకు పేరు పెట్టవలసివచ్చినప్పుడు ఈ సీమవారు రాజును తలపక పాడిమందను కాచుకొన్న స్త్రీని తలచిరనుట గమనింపదగిన విషయము.

ఈ సీమ విజయనగర ప్రభువుల కాలము గడచిన పిదప పలువురు నవాబుల చేతులు మారి, 1800 సంవత్సరమున నిజాముచే ఆంగ్లేయ కంపెనీకి దత్తమైన మండలములలో చేరెను. 1858లో కంభము, మార్కాపురము తాలూకాలు కడపనుండి కర్నూలు జిల్లాకు మారినవి. 1970 ఫిబ్రవరి 2వ తేదీన ఒంగోలు జిల్లా ఏర్పడగా అందులో చేరినవి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశము పేరు పెట్టబడినది. కచ్చేరీలు మారినను కొండలు మారలేదు. పశువులకు జిల్లా యేదో తెలియదు, గడ్డి యెక్కడ నున్నదో మాత్రము తెలియును.

పూర్వధర్మమున మేతభూమి

మేతకు భూమి విడుచుట దయాధర్మము కాదు, రాజధర్మమని మన పూర్వులు భావించిరి. గ్రామమునకు నలుదిక్కుల నూరు ధనుస్సుల మేర, అనగా నన్నూరు మూరల మేర, పశువులకై విడిచిపెట్టవలయునని మనుస్మృతి విధించినది. యాజ్ఞవల్క్యుడును ఈ కొలతనే చెప్పి, పెద్ద ఊళ్ళకు అంతకు మిక్కిలిగా విడువవలయుననెను. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన వ్యాఖ్యను ఆధారము చేసికొని 13వ శతాబ్దమున కేతన విజ్ఞానేశ్వరీయమును తెనుగున రచించెను. కావున ఇట్టి వ్యవహారధర్మము తెనుగువారికి కొత్తది కాదు.

కౌటిల్యుడు ఇంకొక మెట్టు ముందునకు పోయెను. దున్నుటకు పనికిరాని భూమిని పశువులకు పచ్చికబయలుగా ఇయ్యవలయుననియు, దానిని చూచుటకు వివీతాధ్యక్షుడను అధికారి యుండవలయుననియు, నీరు లేనిచోట బావులు త్రవ్వింపవలయుననియు ఆయన అర్థశాస్త్రమున చెప్పెను. మేతభూమి యనగా ఎవరికిని పట్టని భూమి కాదు, పాలనకు లోబడిన భూమి యని దీని తాత్పర్యము.

ఇక పంది మాట. మనువు మేతభూమి ప్రక్క పొలమునకు వేయవలసిన కంచెను వర్ణించుచు, ఒంటె పైనుండి చూడజాలనంత ఎత్తుగను, కుక్కయు పందియు మూతి దూర్పజాలకుండునట్లు సందులు లేకుండగను అది యుండవలెననెను. కంచె లేని పైరును అక్కడ పశువు మేసినచో కాపరిని దండింపరాదనెను. దీనినిబట్టి రెండు సంగతులు తేలుచున్నవి. ఒకటి: పంది ఆనాడే ఊరి జీవములలో ఒకటి, ఊరి బయలున ఆవుతోపాటు తిరిగినది. రెండు: ఊరి మేతబయలును ఆనుకొని పైరు పెట్టినవాడే పైరును కాచుకొనవలెను. ఈ రెండవ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. కాలక్రమమున ఇది తలక్రిందులైన విధము ముందు తెలియగలదు.

ఏడాది తిరుగుడు

ఈ సీమలో పశుపోషణకు ఒక క్రమముండెను. అది గ్రంథములలో లేదు, కాపరుల నడకలో నున్నది. తొలకరి వాన పడి పచ్చిక తలయెత్తినంతనే తెలిసిన కాపరి మందను దానిపై విడువడు. లేతమొలకను కొరికినచో వేరు చచ్చును, మరుసటేటికి గింజ యుండదు. ఊరిచుట్టు పొలములు పైరు మీద నున్న వానకాలమున మందలు నల్లమల అంచులకు పోయెడివి. దూరపు మైదానసీమలనుండియు ఆవులమందలు మేతకై కొండకు తోలుకొని వచ్చెడివారు. కంచెగా మూసియుంచిన బీళ్ళలో చెంగలిగడ్డి, గరిక బలిసి గింజ రాల్చిన పిదప దానిని కోసి వాములు వేసెడివారు. బోదగడ్డి లేతదిగా నున్నప్పుడే పశువు ముట్టును, ముదిరినచో ఇంటికప్పునకే పనికివచ్చును.

పంటలు కోసిన పిదప జొన్నకొయ్యలు, సజ్జకొయ్యలు అందరి పశువులకును సమానముగా మేత. అప్పుడు గొఱ్ఱెలమంద దిగివచ్చి రైతు పొలమున రాత్రులు పండుకొనెడిది. దీనినే మందకట్టుట యందురు. ఎరువు పొలమునకు దక్కును, కాపరికి ధాన్యము దక్కును. పొలము గలవాడును పొలము లేనివాడును చేసికొన్న బేరములలో ఇంత న్యాయమైనది మరియొకటి కానరాదు.

ఎండలు ముదిరినపుడు చివరి దిక్కు చెరువు. కంభము చెరువు రెండు కొండల సందున గుండ్లకమ్మకును జంపలేటికిని కట్టబడినది. గజపతి కుమార్తెయు శ్రీకృష్ణదేవరాయల దేవేరియు నగు వరదరాజమ్మ దీనిని కట్టించెనని ప్రతీతి. అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ 2020లో దీనిని ప్రపంచ వారసత్వ నీటికట్టడములలో చేర్చినది. దాని ఆయకట్టును అందరును పొగడుదురు. కాని వేసవిలో నీరు వెనుకకు తగ్గినకొలది బయటపడు చెరువుగర్భము ఎన్ని పల్లెల పశువులకు పచ్చిక యైనదో తలచువారు తక్కువ. పెద్దచెరువునకే కాదు, ప్రతి ఊరి కుంటకును ఈ గుణము గలదు.

ఆ తడినేలలోనే పందికి ప్రియమైన తుంగగడ్డలు దొరకును. అడవిపంది బురదమడుగులలో తుంగముస్తెలను త్రవ్వితినుట కాళిదాసు శాకుంతలమునకు ఎక్కినది. ఊరపందికిని అదియే రుచి. తుంగ వరిమడికి కలుపు, దానిని వేరుతో సహా పెకలించు పని మనిషికి కష్టము, పందికి భోజనము. దీనికి తోడు రాలిన మేడిపండ్లు, రేగుపండ్లు, ఇప్పపూలు, వానపాములు, కోత ముగిసిన చేలలో మిగిలిన గింజలు, తరువాతి కాలమున వేరుసెనగ పెఱికిన నేలలో చిక్కుకొన్న కాయలు దాని ఆహారము. పంది కేవలము కల్మషభోజి యనుట పూర్తి నిజము కాదు. ఊరిచుట్టు తిని శుభ్రపరచుట దాని పనులలో ఒకటి. నేల త్రవ్వి తినుట దాని జన్మస్వభావము.

పందులు పెంచిన కుటుంబములు

విజయనగర రాజలాంఛనము వరాహము. వారి బంగారునాణెమునకును వరాహ యనియే పేరు. పల్లెలలో శిస్తును, కట్నమును, అప్పును వరహాలలోనే లెక్కించిరి. 1818లో మద్రాసు రాజధానియందు రూపాయి ప్రమాణమగు వరకు ఆ లెక్క సాగినది. విష్ణువు మూడవ అవతారము వరాహము. ఇట్లు గుడిలో పూజయు, పెట్టెలో గౌరవమును పొందిన జీవము వీధిలో మాత్రము ఛీత్కారమునకు పాత్రమైనది. దానిని పెంచిన కుటుంబములును ఆ ఛీత్కారములో పాలు పంచుకొనవలసివచ్చెను.

ఈ సీమలో పందులను పెంచినవారిలో ముఖ్యులు ఎరుకలవారు. వారి వృత్తులనుబట్టియే వారిలో శాఖలకు పేర్లు వచ్చినవి. వెదురుదబ్బలతో గంపలల్లువారు దబ్బ ఎరుకలవారు, ఈతపుల్లలతో బుట్టలల్లువారు ఈతపుల్లల ఎరుకలవారు, కరివేపాకు తెచ్చి యమ్మువారు కరివేపాకు ఎరుకలవారు, ఉప్పును మోసి యమ్మువారు ఉప్పు ఎరుకలవారు. స్త్రీలు ఎరుక చెప్పుదురు. రైతు ధాన్యము చెరిగిన చేట, కొలిచిన గంప, మోసిన తట్ట వారి చేతిపనియే. అట్టి చేతిపని చేయు కుటుంబమునకు గుడిసె ప్రక్కనుండు పందులదొడ్డి బ్యాంకు వంటిది.

దాని లెక్క చూడుడు. ఆడుపంది చూలు మూడు నెలల మూడు వారముల మూడు దినములు, అనగా 114 దినములు. పిల్లలను ఎనిమిది వారములు పాలు త్రాగనిచ్చి విడదీసినచో ఏడాదికి రెండుమారులు ఈనగలదు. ఆవు ఈనికకు ఒక్క దూడ, పంది ఈనికకు పలుపిల్లలు. నాటుపందికి సీమపందియంత పెద్ద కాన్పు లేకున్నను, ఎండకు, రోగమునకు తట్టుకొను శక్తి గలదు. దానికి తవుడు కొద్దిగ పెట్టినను మిగిలినది అది తానే వెదకికొనును. సాయంత్రమునకు పిల్లల కొరకు దొడ్డికి తానే వచ్చును. ఏ పంది యెవరిదో చెవిగుర్తులనుబట్టి తెలియును. పెండ్లి వచ్చినను, జబ్బు వచ్చినను, కరువు వచ్చినను ఒక పందిని అమ్మి గండము గడచెడివారు. భూమిలేని కుటుంబము ఒకరి యప్పుకు లోబడక నిలుచుటకు ఇంతకన్న సులభమైన సాధనము పల్లెలో లేకుండెను. అయితే ఈ లెక్కయంతయు నిలిచినది ఒక్కదానిపై: పంది తిరుగుటకు ఊరికి బయలుండవలెను.

కొలతలు, చట్టములు

1800 మొదలు 1807 వరకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నున్న థామస్ మన్రో పొలములను కొలిపించి రైతుపేర శిస్తు నిర్ణయించెను. రైత్వారీ పద్ధతి వేళ్ళూనినది. రైతునకు తన భూమిపై వ్రాతమూలమైన గుర్తింపు వచ్చుట మేలే. కాని కొలతగొలుసు పోయినచోటనెల్ల, పట్టా లేని భూమి సర్కారుదైనది. పూర్వము ఊరిదైన బీడు క్రమముగా సర్కారు బంజరుగాను, పోరంబోకుగాను మారెను. సర్కారుది యైనపిదప దానిని దర్ఖాస్తుమీద ఇచ్చు అధికారము సర్కారుకు వచ్చినది.

1871లో పశువుల అతిక్రమణ చట్టము వచ్చెను. పల్లెలలో బందెలదొడ్లు దాని ఫలమే. ఆ చట్టమున పశువు అను మాటకు అర్థము చెప్పుచు ఏనుగు మొదలు మేకపిల్ల వరకు పేర్కొని నడుమ పందిని గూడ చేర్చిరి. అంతటితో ఆగక పందుల యజమానులకు ప్రత్యేకముగా ఒక విధి కల్పించిరి. తన పందులను పొలమున పడనిచ్చి నష్టము కలిగించినవానికి మేజిస్ట్రేటు 10 రూపాయలకు మించని జరిమానా విధింపవచ్చును. ఆనాటి కూలివానికి 10 రూపాయలు చిన్నమొత్తము కాదు. మేతబయలు ప్రక్క కంచె వేయు భారమును పైరువానిపై మనువు పెట్టగా, పందిని కట్టివేయు భారమును పందిగలవానిపై ఈ చట్టము పెట్టెను. పైరును కాచుట న్యాయమే. కాని కట్టివేసిన పందికి మేత యెక్కడిది అను ప్రశ్నకు చట్టమున సమాధానము లేదు.

ఇంతలో 1876-78 నాటి మహాక్షామము వచ్చెను. ధాత సంవత్సరమున ఆరంభమగుటచే దానిని ధాతకరువని పిలిచిరి. దత్తమండలములును కర్నూలు జిల్లాయు దానివలన మిక్కిలి పాడైనవి. మనుష్యులతోపాటు పశువులు లెక్కకు మిక్కిలిగా చచ్చినవి. ఎద్దు చచ్చిన రైతునకు మరుసటేడు వాన కురిసినను దుక్కి లేకపోయెను. ఇట్టి కరువులలో చివరి రక్షణ కొండమేతయే. ఆ కరువు ముగిసిన నాలుగేండ్లకే, 1882లో, మద్రాసు అటవీచట్టము వచ్చినది. నల్లమలలో రిజర్వు అడవుల హద్దులు నిలిచినవి. మేతకు రుసుము, పర్మిటు, గార్డు వచ్చిరి. అడవిని నరికివేయకుండ కాపాడుట అవసరమే, అడవి లేనిచో గుండ్లకమ్మయే లేదు. కాని తరతరములుగా కాలిబాట పడిన కొండకు పోవుటకు కాపరి చీటి చూపవలసివచ్చెను. వెదురుకై పోవు గంపలవాడును అదేపాటు పడెను.

మేతపన్నును ప్రజలు పుల్లరి యనిరి. ఈ సీమకు ఈశాన్యమున, నల్లమల ఆవలివైపుననే, పల్నాటిలో 1921లో పుల్లరి కట్టబోమని ప్రజలు సత్యాగ్రహము సల్పిరి. మించాలపాడు వీరుడు కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు తుపాకులకు బలియయ్యెను. గడ్డిపరకకై ఒక మనుష్యుడు ప్రాణమిచ్చెనని విని నేటివారు ఆశ్చర్యపడవచ్చును. పశువే జీవనమైన చోట గడ్డిపరకయే అన్నమని తెలిసినవారికి అది ఆశ్చర్యము కాదు.

ఎరుకలవారికి తగిలిన దెబ్బ

మేతబీడు తగ్గుట అందరికిని నష్టము. కాని భూమిగల రైతు చొప్పను నిలువచేసికొనగలడు. గొల్లకాపరి దూరము నడచిపోగలడు. భూమియు లేక, దూరము పోవు స్వేచ్ఛయు లేని కుటుంబము ఏమి చేయగలదు? ఎరుకలవారి విషయమున ఈ రెండవది గూడ జరిగినది.

కంపెనీవారు 1805లో మద్రాసు రాజధానియందు ఉప్పును తమ గుత్తాధికారము చేసికొనిరి. గాడిదలపైనను ఎద్దులపైనను సముద్రతీరపు ఉప్పును లోనాడులకు మోసిన ఎరుకలవారి వర్తకము దానితో సన్నగిల్లెను. 19వ శతాబ్దపు చివరిపాదమున గుంతకల్లునుండి బెజవాడ దిక్కునకు వేసిన రైలుమార్గము గిద్దలూరు, కంభము, మార్కాపురము రోడ్డు స్టేషనుల మీదుగా పోయినది. రైలు రైతునకును షాహుకారునకును మేలు చేసినది. బరువు మోసి బ్రదికినవాని పశువునకు పని లేకుండ చేసినది. ఊరూర తిరుగుచున్నను చేతిలో సరుకులేని మనుష్యుని అధికారులు అనుమానింప సాగిరి.

1911 నాటి నేరస్థజాతుల చట్టము మద్రాసు రాజధానిలో అమలునకు వచ్చి, ఎరుకలవారిలో పెక్కు సమూహములను పుట్టుకతోనే నేరగాండ్రుగా పట్టికకెక్కించెను. వేలిముద్రలు, హాజరులు, అనుమతిచీట్లు వచ్చినవి. బాపట్ల దగ్గర స్టూవర్టుపురము వంటి సెటిల్మెంటులు 1913 ప్రాంతమున వెలసినవి. రాత్రి హాజరునకు ఠాణాలో నిలువవలసినవాడు పందులమందను చెరువులవెంట తోలుకొని పోలేడు. మంద ఊరిలోనే నిలిచినది. స్వాతంత్ర్యానంతరము, 1952 ఆగష్టు 31వ తేదీన, ఈ చట్టము దేశమంతటను రద్దైనది. పట్టికలోని పేరు కొట్టివేయుట ఒక్క సంతకముతో ముగిసినది. పోయిన వర్తకమును, పోయిన మేతభూమిని తిరిగి యిచ్చు సంతకము ఎవరును చేయలేదు.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప

స్వాతంత్ర్యానంతరము బీడుభూములను భూమిలేని పేదలకు పంచిరి. దర్ఖాస్తు పట్టాలతో పెక్కు కుటుంబములు మొదటిసారి తమదని చెప్పుకొను నేలను చూచినవి. ఇది పుణ్యకార్యమే. అయినను పేదవానికిచ్చిన భూమి పలుచోట్ల పేదవాని మేకయే మేసిన భూమి యనుట మరువరాదు. పలుకుబడిగలవారు ఏ పట్టాయు లేకయే ఆక్రమించిన బీళ్ళు వేరు. వానికి పుణ్యమను పేరును చెల్లదు. మార్కాపురపు పలక దేశమంతట పిల్లల చేతికి అక్షరము నిచ్చినది. ఆ పలకను త్రవ్విన గనుల చుట్టు రాతిగుట్టలు పడినచోట మాత్రము పచ్చిక మొలవదు.

మిగిలిన బీళ్ళను సర్కారుతుమ్మ ఆక్రమించెను. 1870ల చివర పశ్చిమ ద్వీపములనుండి విత్తనము తెప్పించి కడప జిల్లా కమలాపురము ప్రాంతమున నాటిన ఈ చెట్టు వంటచెఱకునకు పనికివచ్చినది. పశువు దాని కాయను ఇష్టముగా తిని గింజను పేడతో విదల్చును. పశువే తన మేతభూమిని చెరచు చెట్టును తానే నాటుచున్నదన్నమాట. దాని నీడన గరిక బ్రదుకదు, చెరువుగర్భమున తుంగయు మిగులదు. నల్లమలలో 1983 మొదలు పులుల రక్షణ పథకము అమలగుటచే లోపలి మేత మరింత కట్టుబాటునకు లోనైనది.

ఇన్ని ద్వారములు మూసికొనగా పందికి మిగిలిన ద్వారము ఊరి మురుగుకాలువ యొక్కటే. చెత్తకుప్ప, కాలువ, బహిర్భూమి దాని మేతభూములైనవి. పంది ఊరిలోనికి వచ్చినదని జనులు కోపించిరి. నిజమునకు ఊరే పంది బయలులోనికి వచ్చినది.

ఆ కోపమునకు కారణము లేకపోలేదు. మనుష్యమలమును తిన్న పంది మాంసమును సరిగ ఉడుకనీయక తిన్నచో బద్దెపురుగు సంక్రమించును. ఆ పురుగు గ్రుడ్లు ఆహారమునకో నీటికో అంటి కడుపులోనికి పోయినచో మెదడునకును ముప్పు. 1999లో ఆంధ్రప్రదేశమున మెదడువాపు వ్యాధి ప్రబలి పలువురు పిల్లలు మరణించిరి. ఆ రోగబీజము కొంగజాతి పక్షులలో నుండును. వరిమడుల నీటిలో పెరుగు దోమ దానిని పందికి చేర్చును. పందిలో అది వృద్ధిపొంది మరల దోమద్వారా మనుష్యునకు వచ్చును. పంది తానుగా ఆ రోగమును పుట్టింపలేదు, మనుష్యుల పడకకు దగ్గరగా నుండుటయే దాని తప్పు. పందులను ఊరికి దూరముగా నుంచవలెనను మాట శాస్త్రసమ్మతము. ఎక్కడ నుంచవలెనో చెప్పక తరుమవలెననుట మాత్రము న్యాయము కాదు.

ఇంగ్లండులో న్యూ ఫారెస్టు అను రాజవనము గలదు. దానిని 1079లో విలియము రాజు తన వేటకై యేర్పరచెను. అక్కడి పల్లెవాసులకు ఆకురాలు కాలమున పందులను అడవిలో విడుచు హక్కు పూర్వమునుండి గలదు. రాలిన ఓకుకాయలు గుఱ్ఱములకు, పశువులకు విషము. పందికి అవి బలము. ఆ హక్కు లెక్కలలో వ్రాయబడియున్నందున నేటికిని ప్రతియేడు పందులు ఆ యడవిలోనికి పోవుచున్నవి. అక్కడి పందికిని ఇక్కడి పందికిని జాతిలో భేదముండవచ్చును, స్వభావమున భేదము లేదు. భేదమంతయు లెక్కలోని వ్రాతలో నున్నది.

చేయదగినది

నేడు పందుల పెంపకము శాస్త్రమైనది. తిరుపతిలోని పశువైద్య విద్యాసంస్థలో దీనిపై పరిశోధన జరుగుచున్నది. తెల్లజాతి సీమపందులను నాటుపందులతో కలిపి సంకరజాతులను తీసిరి. చిన్నకుటుంబము రెండు ఆడుపందులతో ఆరంభింపవచ్చును. గట్టినేలయు, నీడయు, నీరును గల దొడ్డి ఊరికి ఎడముగా నుండవలెను. తవుడు, జొన్ననూక, వేరుసెనగచెక్క, ఉడికించిన వంటింటి మిగులు పెట్టవలెను. పందిజ్వరమునకు టీకా వేయింపవలెను. పందులు తిరుగుటకు కంచె వేసిన తునకలు మూడో నాలుగో ఏర్పరచి ఒకదాని తరువాత నొకటి విప్పవలెను. ఒకేచోట నిలిపినచో నేల గుల్లయై పురుగు పట్టును. ఆవుబీటికిని ఇదే నియమము. మేసిన తునకకు విశ్రాంతి, తొలకరి మొలకకు రక్షణ, సర్కారుతుమ్మను వేరుతో పెకలించుట, కుంటలో పూడిక తీయుట. ఇవి కొత్తమాటలు కావు, వెనుకటి కాపరి నడకయే.

చట్టమును నేడు పల్లెకు తోడైయున్నది. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము మేతబీళ్ళు, కళ్ళములు, శ్మశానములు, పశువుల మందబయళ్ళు మొదలగు పోరంబోకులు గ్రామపంచాయతీకి చెందునని చెప్పుచున్నది. 2006 నాటి అటవీహక్కుల చట్టము అడవినాశ్రయించి బ్రదుకువారి మేతహక్కును గుర్తించెను. 2011 జనవరి 28వ తేదీన సుప్రీముకోర్టు, గ్రామ ఉమ్మడిభూముల ఆక్రమణలను తొలగించి ఊరికి తిరిగి చేర్పవలెనని రాష్ట్రములను ఆదేశించెను. కౌటిల్యుని వివీతాధ్యక్షుడు నేడు గ్రామసభయే.

ఇది ఇప్పుడే తలపవలసిన విషయము. పూల సుబ్బయ్య పేరుతో నున్న వెలుగొండ ప్రాజెక్టునకై నల్లమలలో సొరంగములు తొలిచిరి. శ్రీశైల జలాశయపు కృష్ణనీరు ఈ సీమ పొలములకు పారవలెనని తరములు కన్న కల యది. నీరు వచ్చినచోట భూమి వెల పెరుగును. వెల పెరిగినచోట పేరులేని భూమిపై కన్ను పడును. నీటికి సంతోషించు ఊరు, నీరు రాకముందే తన బీడు ఎంతయో, తన కుంటగర్భము ఎంతయో, హద్దులెవ్వియో తెలిసికొనవలెను.

దానికి వలసిన సాధనము ప్రతి గ్రంథాలయమునకు అందుబాటులోనిదే. గ్రామపటమును, పోరంబోకు సర్వేనంబర్ల పట్టికను నకలు తీయించి, ఇతిహాసపురాణముల ప్రక్కన బల్లపై నుంచవలెను. చదువను వ్రాయను నేర్చినవారు చదువురానివారికి దానిని చదివి వినిపింపవలెను. పందులు పెంచు కుటుంబమును, గొఱ్ఱెలు కాచు కుటుంబమును ఆ బల్లవద్దకు పిలిచి, ఏ నంబరు ఎక్కడ నున్నదో వారి కాలిబాటలనుబట్టి గుర్తింపవలెను. పట్టాలేనివానికి పట్టా వంటిది ఆ పట్టికలోని ఒక్క పంక్తియే.